మైక్రోస్కోపుకు పెట్టిన బొట్టు

అశోక్‌నగర్‌లో మా ఫ్లాటు వెనక బాల్కనీకీ, ఎదురుగా ఉన్న ఆడపిల్లల హాస్టలు కిటికీకీ మధ్య ఒక చీర ఆరేసేంత జాగా కూడా లేదు. పొద్దున్నే నేను కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చునే వేళకు ఆ కిటికీలో ఒక అమ్మాయి చదువు మొదలుపెడుతుంది. "మైటోకాండ్రియా, కణ శక్త్యాగారం. రైబోజోములు, ప్రోటీన్ల తయారీ. లైసోజోములు, స్వయంవిచ్ఛిత్తి సంచులు. ప్లాస్మా పొర, విచక్షణా పారగమ్యత." ఒకసారి పూర్తవగానే మళ్ళీ మైటోకాండ్రియా దగ్గరికి వస్తుంది. కుక్కరు కూతవేసినా, కింద కూరగాయల బండివాడు అరిచినా ఆ గొంతు ఆగదు. బాటనీ లెక్చరరుగా పనిచేసి రిటైరైనదాన్ని, సంతోషించాలి కదా నేను. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా కొన్ని వారాలు ఓర్చుకున్నాను. నా సంగతి తెలిసినవాళ్ళు ఆ మాత్రం ఓర్పుకే ఆశ్చర్యపోతారు.

ఆఖరికి ఒకరోజు గ్లాసు కింద పెట్టి, "ఏమమ్మా, ఆ మైటోకాండ్రియా ఎట్లుంటది?" అని అడిగాను.

అమ్మాయి ఉలిక్కిపడి పుస్తకం మూసింది. "శక్త్యాగారం మేడం."

"అది ఏం చేస్తదో చెప్పినవ్. ఎట్లుంటది అంటున్న."

"బిట్ పేపర్ల గట్ల అడగరు మేడం."

"పోనీ, కణాన్ని ఎప్పుడన్న చూసినవా?"

"యాడ చూస్త మేడం. మా కాలేజ్ల ల్యాబ్ తాళం తియ్యనే తియ్యలే. సార్ బోర్డు మీద బొమ్మ ఏసిండు, మేం చూసి రికార్డ్ల ఏసినం. అందరికీ ఫుల్ మార్కులే వచ్చినయ్."

ఆ అమ్మాయి పేరు స్వప్న. నల్లగొండ అవతల ఏదో ఊరు. సైన్సు టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుతోంది, పోయినసారి కొద్దిలో తప్పిపోయిందట. ఈసారి కూడా రాకపోతే ఇంటికి వచ్చెయ్యమన్నారట. సైన్సు టీచరు! రేపు ఒక బడి నిండా పిల్లలకు కణం గురించి చెప్పబోయే మనిషి కణాన్ని చూడలేదు, ఆమెకు చెప్పినవాడు చూపించలేదు, వాడికి చెప్పినవాడు చూపించాడన్న నమ్మకం నాకు లేదు. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. "ఆదివారం మా ఇంటికి రా, చూపిస్త" అని చెప్పి లోపలికి వచ్చేశాను. కాఫీ మిగిలిపోయింది. ఆ రోజంతా నాకు ఏ పనిమీదా మనసు నిలవలేదు. ఇన్నేళ్ళు అణచుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది.

అప్పట్లో మా ఇల్లు చిక్కడపల్లిలో, గుడి వెనక సందులో. ముందు అరుగు, నడవ, చివర వంటిల్లు. వంటింటి గడప మా నాయనమ్మ అధీనంలో ఉండేది. ఏది లోపలికి రావాలో, ఏది బయటే ఆగిపోవాలో ఆమె చెప్పాలి. ఉల్లిగడ్డ రాకూడదు, వెల్లుల్లి రాకూడదు, బయట తిరిగి వచ్చిన బట్టలతో మనుషులూ రాకూడదు. పాలు రావచ్చు, చింతపండు రావచ్చు, కట్టెలు కడిగితే రావచ్చు. ఎండాకాలం వస్తే నడవంతా పచ్చిమామిడి వాసన. ముక్కలు కోసి, తుడిచి, జాడీలో వేసి రాళ్ళ ఉప్పు చల్లి, మూతికి పాత ధోవతి గుడ్డ కట్టేది. చుక్క నీళ్ళు తగలనివ్వని ఆ జాడీలో కొన్నాళ్ళకు ముక్కలు ముడుచుకుని, వాటి చుట్టూ నీళ్ళు నిలిచేవి. "గీ నీళ్ళు ఎక్కడియి నాయనమ్మా" అని నేను ప్రతి ఏడూ అడిగేదాన్ని. "ముక్కలల్లయే. ఉప్పు గుంజుకుంటది" అనేది ఆమె. ఆ జవాబు నాకు చాలేది కాదు. ఉప్పు ఎట్లా గుంజుకుంటుంది, ముక్క ఎందుకు ఇస్తుంది, పులుపు లోపలే ఎందుకు ఉంటుంది? నేను సైన్సు తీసుకుంటానని పట్టుబట్టడానికి కారణం ఆ జాడీయే, డాక్టరు కావాలన్న ఆశేమీ కాదు.

ఆయుధపూజ నాడు నాయనమ్మ ఇల్లంతా తిరిగి బొట్లు పెట్టేది. రోలు, రోకలి, కత్తిపీట, అమ్మ కుట్టుమిషను, బాపు సైకిలు, బాపు కళ్ళజోడు. బాపు ఆఫీసులో గుమాస్తా, కళ్ళజోడు లేకపోతే ఆయనకు సంతకం కూడా కనబడదు కాబట్టి అదీ ఆయుధమే. అయితే బొట్టు పెట్టడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. కత్తిపీటకు అంచు మీద పెట్టదు, చెక్క మీద పెడుతుంది. కుట్టుమిషనుకు సూది దగ్గర పెట్టదు. కళ్ళజోడుకు చెవి వెనక వంగే కాడ మీద, కనబడీ కనబడనట్టు పెడుతుంది. పనిచేసే చోటు వదిలిపెట్టాలి అనేది. మొక్కడం మనకోసం, పని దానికోసం, రెండూ కలపకూడదు అనేది. చేతులకు పసుపుతో, పెట్టెలోంచి తీసిన పట్టుబట్టల కర్పూరం వాసనతో, ఎవరో ఒకరిని కసురుకుంటూ తిరిగేది.

నారాయణగూడలో నేను ఇంటర్ చదివిన కాలేజీ పేరు రాయను. బాటనీ సార్ పేరూ రాయను. ఆయన మనవలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్ళతో నాకు తగవు లేదు. ల్యాబులో అద్దాల బీరువా ఒకటి, అందులో మైక్రోస్కోపులు, దానికి తాళం. పగిలితే ఎవరు జవాబు చెప్పాలె అనేవాడు సార్. అవి బయటికి వచ్చేది ఏడాదిలో రెండు సందర్భాలలో, ఒకటి దసరా ముందు పూజకు, రెండోది పరీక్ష దగ్గరపడ్డాక ఒక్క ప్రాక్టికల్ క్లాసుకు. అప్పుడు కూడా అన్నీ రావు, పెద్దది ఒక్కటే వస్తుంది. ఆ ఏడు పూజ సార్ స్వయంగా చేశాడు. కొబ్బరికాయ కొట్టి, మైక్రోస్కోపు మెడలో బంతిపూల దండ వేసి, మనిషికి నుదుట పెట్టినట్టు దానికి అన్నిటికంటే పైన, మనం కన్ను ఆనించే అద్దం మీద, బొటనవేలితో ఇంత కుంకుమ అద్దాడు. మా నాయనమ్మ చూసి ఉంటే అక్కడే చెయ్యి పట్టుకునేది. నేను గుగ్గిళ్ళు తింటూ నిలబడ్డాను. ఆ తర్వాత దాన్ని అట్లాగే బీరువాలో పెట్టి తాళం వేశారు.

ప్రాక్టికల్ క్లాసు రోజు కిటికీ దగ్గర బల్ల వేశారు. సార్ ఉల్లిగడ్డ పొరల మధ్య నుంచి పల్చటి తొక్క తీసి, సాఫ్రనిన్ అనే ఎర్రరంగు చుక్క వేసి, గాజుపలక మీద పెట్టాడు. రుమాలు కొసతో పై అద్దాన్ని ఒకసారి తుడిచి కన్ను పెట్టాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు ఆయన ముఖంలో అంత సంతోషం మేము ముందెన్నడూ చూడలేదు. "రండి, మైటోకాండ్రియా చూడండి. ఎర్రగ, చిన్న చిన్నగ, ఎంత సాఫ్‌గ కనపడ్తున్నయో" అన్నాడు. ఆయన ఆ క్షణాన అబద్ధం చెప్పలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన కూడా అప్పుడే సరిగ్గా చూస్తున్నట్టున్నాడు. ఆ మైక్రోస్కోపులో, ఆ రంగుతో మైటోకాండ్రియా కనబడవని తెలియని మనిషి మాకు మైటోకాండ్రియా పాఠం చెబుతున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

మగపిల్లలు ముందు చూశారు, ఆడపిల్లలం వెనక. అది అడిగేవాళ్ళు లేని నియమం. ఒక్కొక్కరు కన్ను పెట్టడం, "అవ్ సార్, కనపడ్తున్నయ్ సార్" అనడం, పోయి బొమ్మ వేసుకోవడం. నా వంతు వచ్చింది. ఇటుకలు పేర్చినట్టు గదులు, ఒక్కో గదిలో ఒక ఎర్రటి గుండ్రటి కేంద్రకం. వాటి మీద సార్ చెప్పిన చుక్కలు. ఎవరో బల్లకు తగిలారు. గాజుపలక జరిగింది, గదులన్నీ పక్కకు పోయాయి, చుక్కలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. నాకు అర్థం కాలేదు. పై అద్దాన్ని వేళ్ళతో మెల్లగా తిప్పాను. గదులు కదలలేదు, చుక్కలు గుండ్రంగా తిరిగాయి. నాకు నోరు ఆగదు, అప్పుడూ ఆగలేదు.

"సార్, ఇవి కణంల లేవు సార్. పై అద్దం మీదున్నయి. తిప్పితె తిరుగుతున్నయి. దసరాకు పెట్టిన కుంకుమ అనుకుంట సార్."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ వచ్చి నన్ను పక్కకు జరిపి కన్ను పెట్టాడు. ఆయన చెయ్యి అద్దం మీదికి పోవడం, దాన్ని తిప్పడం నేను చూశాను. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. అంటే ఆయనకు తెలిసింది. తల ఎత్తి నా వైపు చూడకుండా, "బొమ్మ వెయ్యి. మైటోకాండ్రియా గుర్తించు" అన్నాడు. అంతకుముందు జరిగింది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. నా కోపమంతా ఆ అద్దం తిప్పిన తర్వాత అన్న ఆ మాట మీద. "అవునమ్మా, కుంకుమే, తుడవండి" అంటే ఆయన సొమ్మేం పోయేది? క్లాసంతా ఆ రోజు ఒక అద్భుతం నేర్చుకునేది.

ఆ సాయంత్రం బాపుకు చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. అంతా విని కళ్ళజోడు సవరించుకున్నాడు.

"సార్ ఎందుకు తప్పు చెప్తడు? పూజ చేసిన వస్తువును పట్టుకొని కుంకుమ అంటించిన్రు అంటవా? తప్పు కాదా గట్లనుడు? నువ్వేమన్న పెద్ద శాస్త్రవేత్తవా?"

"నాకు కనపడలేదు బాపు."

"ఎయ్యమన్నది ఎయ్యి. ప్రాక్టికల్ల పాసైతెనే డిగ్రీ. లేకుంటె టైపుకు పో."

నాయనమ్మ అక్కడే గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నేను ఉల్లిగడ్డ ముట్టుకున్న చేతులతో వచ్చానని, బావి దగ్గరికి పోయి చింతపండుతో కడుక్కోమని మాత్రం చెప్పింది.

పరీక్షనాడు పై అద్దం తళతళలాడుతోంది. ఎవరో స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచారు. ఒక్క ఎర్ర చుక్క లేదు. అయినా క్లాసులో అందరూ మైటోకాండ్రియా వేశారు, చుక్కలుగా కూడా కాదు, బోర్డు మీద ఉన్నట్టు చిక్కుడుగింజల్లాగా, లోపల మడతలతో సహా. నేను గోడలు వేశాను, కేంద్రకం వేశాను, ఆపేశాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి నా కాగితం ఎత్తి, "కణాంగాలేవమ్మా?" అన్నాడు.

"కనపడ్తలేవు సార్."

ఆయన మా సార్ వైపు చూశాడు. మైక్రోస్కోపు మూరెడు దూరంలో ఉంది. వంగి చూస్తే అయిపోయేది. చూడలేదు. మా సార్, "ఆ పిల్ల గంతే సార్. జర తలబిరుసు" అన్నాడు. నేను ఫెయిలయ్యాను.

బాపు మాట మీద నిలబడే మనిషి. పరీక్ష మళ్ళీ రాస్తానంటే రాయనివ్వలేదు. నారాయణగూడలోనే, నా కాలేజీకి వెళ్ళే దారిలోనే ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్. కింద నుంచి నాతో చదివిన పిల్లలు డిగ్రీ పుస్తకాలు పట్టుకుని పోయేవాళ్ళు. నేను పైన నూనె వాసన, రిబ్బను సిరా వాసన మధ్య, అర్థం లేని అక్షరాలు చూడకుండా కొట్టడం నేర్చుకునేదాన్ని. చూడకుండా కొట్టడం, అదీ అక్కడి విద్య. ఇంట్లో బాపుతో మాటలు తగ్గించాను. ఆయన అడిగితే జవాబు, లేకపోతే లేదు. మామిడి జాడీ దగ్గరికి ఆ ఏడు పోలేదు. నాయనమ్మ రెండుమూడుసార్లు పిలిచి ఊరుకుంది.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. పూజ అయింది, పరమాన్నం అయింది. బాపు పేపరు తీసుకుని అరుగు మీదికి పోతూ దేవుడి ముందు నుంచి కళ్ళజోడు తీసుకున్నాడు. తీసుకుని అక్కడే నిలబడిపోయాడు. రెండు అద్దాల మీద, సరిగ్గా నడిమధ్యన, రూపాయి బిళ్ళంత తడి కుంకుమ.

"అమ్మా, ఇదేంది?"

"బొట్టు" అంది నాయనమ్మ.

"అద్దాల మీద ఎవరన్న పెడ్తరా?"

"మీ సార్లు పెడ్తరు కద. పెట్టుకో."

బాపు ధోవతి కొంగు ఎత్తాడు తుడవడానికి. నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "తుడవకు. పూజ చేసిన వస్తువును అనుడే తప్పని పిల్లకు చెప్పినవ్. పెట్టుకొని పేపర్ సదువు."

ఆమె గొంతు పెంచలేదు. బాపు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో నాకు తెలియదు. తల్లి మాటకు ఎదురు చెప్పలేక కావచ్చు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి వెనక్కి పోయింది.

"ఏం కనపడ్తున్నది రంగా?"

"ఏం కనపడ్తది. ఎర్రగున్నది."

"గదే కద ఆ పిల్ల చెప్పింది. గది చెప్పినందుకు ఇన్ని నెలల సంది దానితోని టకటక కొట్టిపిస్తున్నవ్." ఆమె కుంకుమ భరిణెకు మూత పెట్టింది. "నీ కండ్లజోడుకు ఇన్నేండ్ల సంది కాడకు పెడ్తున్న. ఎందుకు పెడ్తున్ననో ఎన్నడన్న అడిగినవా?"

బాపు ఆ కళ్ళజోడుతోనే కాసేపు కూర్చున్నాడు. ముక్కు మీద నుంచి కుంకుమ నీళ్ళు కారాయి. తర్వాత తీసి, బావి దగ్గరికి పోయి కడుక్కున్నాడు. సెలవులు కాగానే ఆఫీసుకు పోతూ కాలేజీ మీదుగా పోయి నా పేరు మీద పరీక్ష ఫీజు కట్టి వచ్చాడు. తప్పయింది అని మాత్రం అనలేదు. మా ఇళ్ళల్లో మగవాళ్ళకు ఆ మాట ఎవరూ నేర్పలేదు. ఆ రెండోసారి కూడా నేను అదే బొమ్మ వేశాను, గోడలు, కేంద్రకం, అంతే. ఈసారి వచ్చినాయన కాగితం తిప్పి కూడా చూడలేదు. పాస్ అన్నాడు. నా ఏడాది మింగినదీ చూడకపోవడమే, నన్ను పాస్ చేసినదీ చూడకపోవడమే. ఏం చేసుకోను ఈ న్యాయాన్ని?

నేను లెక్చరరు అయ్యాక ల్యాబు తాళం నా దగ్గరే పెట్టుకున్నాను, బీరువా రోజూ తెరిచాను. అద్దాలు పగిలాయి. పగిలితే పగలనీ అన్నాను, దానికోసం ప్రిన్సిపాళ్ళతో పోట్లాడాను. నేను రిటైరయ్యాక ఆ ల్యాబులో బెంచీలు వేసి ఇంకో సెక్షను పెట్టారు. కణం పాఠం ఇప్పుడు నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు. ఇంతకంటే బొట్టు పెట్టడమే నయం, కనీసం ఏడాదికోసారి బీరువా తెరిచేవాళ్ళు.

ఆదివారం స్వప్న వచ్చింది. రాంనగర్ మార్కెట్ నుంచి నేను తెచ్చిన ఎర్ర ఉల్లిగడ్డను చేతికిచ్చాను. మా ఇంట్లో ఇప్పుడు ఉల్లిగడ్డ వస్తుంది, నాయనమ్మ ఉంటే నన్నూ ఉల్లిగడ్డనూ కలిపి బయట కూర్చోబెట్టేది. రిటైరైనప్పుడు కొనుక్కున్న చిన్న మైక్రోస్కోపు బాల్కనీలో పెట్టాను. తొక్క తీయడం ఆ పిల్లకు చాలాసేపు రాలేదు, చిరిగిపోయేది. నేను చెయ్యలేదు, చెప్పాను. ఆఖరికి గోరంత ఊదారంగు తొక్క వచ్చింది. కన్ను పెట్టి "అమ్మో" అంది మెల్లగా.

"పొర ఏది?" అన్నాను.

చాలాసేపు వెతికింది. "గోడ ఉన్నది మేడం. పొర కనపడ్తలేదు."

కనబడదు. ప్లాస్మా పొర అంత పల్చన, కణం నిండుగా ఉన్నప్పుడు గోడకు అతుక్కుని ఉంటుంది. ఒక చుక్క ఉప్పునీళ్ళు వేయించాను. కణాల్లోంచి నీళ్ళు బయటికి పోయాయి, ఊదారంగు మెల్లగా గోడను వదిలి లోపలికి ముడుచుకుంది. ఆ రంగు చుట్టూ గీసినట్టు ఒక అంచు. "గదే పొర" అన్నాను. "నీళ్ళను పోనిచ్చింది, రంగును పోనియ్యలే. ఎవరు పోవాల్నో అది చూసుకుంటది." మంచినీళ్ళు వేస్తే మళ్ళీ ఉబ్బింది. ఇంకో తొక్కను వేడినీళ్ళలో ముంచి పెట్టాం. ఆ కణాల్లోంచి రంగంతా బయటికి కారిపోయింది, ఉప్పు వేసినా, మంచినీళ్ళు వేసినా ఏ మార్పూ లేదు. చచ్చిన పొర దేన్నీ ఆపదు, ఏది వచ్చినా రానిస్తుంది, ఏది పోయినా పోనిస్తుంది. మనం తయారుచేసుకుంటున్న విద్యార్థి అదే అని నాకు అనిపించింది, ఆ పిల్లతో అనలేదు.

పోబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "మేడం, ఒక్క మాట. నేను అంతటా దేవులాడిన. మైటోకాండ్రియా అయితె కనపడలేదు. నాకు చూడ రాలేదేమో."

ఆ భయం చూసి నాకు మళ్ళీ కోపం ముంచుకొచ్చింది, ఆమె మీద కాదు. "నీకు చూడ వచ్చు" అన్నాను. "దీంట్ల అది కనపడదు. అది చూడాల్నంటె వేరే మిషన్ కావాలె."

"మరి రికార్డ్ల అందరం ఏసినం కద మేడం."

"ఏసిన్రు."

చెప్పులు వేసుకుంది. "అయితె మా సార్ గూడ చూడలేదా?" అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో బాల్కనీలో కూర్చున్నాను. కిటికీలో గొంతు మొదలైంది. పరీక్ష ఉంది, చదవక తప్పదు. "మైటోకాండ్రియా, కణ శక్త్యాగారం." ఎప్పుడూ ఆగని గొంతు అక్కడ కొంచెం ఆగింది. "చూడలే. రైబోజోములు, ప్రోటీన్ల తయారీ. చూడలే. కేంద్రకం. చూసిన. ప్లాస్మా పొర, విచక్షణా పారగమ్యత. ఉప్పేస్తె చూసిన." చూడలేదన్న ఆ మాటకు నాకు ఒక ఏడాది పోయింది. ఆమె గుక్క తిప్పుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.